1890 జనాభా లెక్క ఆరు వారాల్లో తేల్చేశారట, చిల్లుల కార్డుల మిషను సంగతి ఎవరికైనా తెలుసా?

చిక్కడపల్లి_చారి
మా పెదనాన్న పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పడేశాడు. అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేలడానికి ఎనిమిదేళ్ళు పట్టిందట. 1890కి హెర్మన్ హోలరిత్ అనే ఆయన చిల్లుల కార్డుల మిషను కనిపెట్టాడట, అంతే, ఆరు వారాల్లో పని ఖతం. నాకు అరగలేదు. కరెంటు బల్బే కొత్త వింతగా ఉన్న రోజులవి. ఆరు కోట్ల మందికి మనిషికో కార్డు చొప్పున చిల్లులు కొట్టడానికే ఎన్ని నెలలు కావాలి? అదే అడిగాను. "నువ్వు చదివింది సివిల్, నీకెందుకు" అన్నాడు, 38 మంది చుట్టాల ముందు. ఇప్పుడిది పరువు సమస్య. నిజం ఎంత, మసాలా ఎంత?

గుంటూరు_ఘాటు
పెదనాన్నతో పెట్టుకున్నావు. ఈ సంక్రాంతికి అరిసెలు కొనుక్కుని తినాల్సిందే.

లెక్కలపిచ్చి
సగం నిజం. ఆ సగమూ వేరే మిషను పని.

1880లో అక్కడి జనం 5 కోట్ల పైచిలుకు. గుమాస్తాలు ఫారాలు చూస్తూ కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశారు. పట్టికలన్నీ అచ్చయ్యేసరికి ఏడెనిమిదేళ్ళు పట్టిన మాట వాస్తవం. మొత్తం జనాభా అంకె తెలియడానికి మాత్రం అన్నేళ్ళు పట్టలేదు. మీ పెదనాన్న ఫార్వర్డ్‌లో ఈ రెండూ కలిపేశారు. ఒకవైపు పట్టికలన్నిటికీ పట్టిన కాలం, ఇంకోవైపు మొత్తం అంకెకు పట్టిన కాలం. ఏనుగు బరువునీ ఎలక పొడవునీ పోల్చినట్టుంది.

1890 జూన్‌లో ఇళ్ళకు తిరిగారు. ముందు జనం మొత్తం ఎంతో తేల్చాలి కదా. ఆ లెక్క కోసం గుమాస్తా ఒక్కో కుటుంబం ఫారం చూసి, అందులో ఎంతమంది ఉంటే ఆ అంకె ఉన్న మీట నొక్కేవాడు. మీటల నుంచి హోలరిత్ డయళ్ళకు వైర్లు. ఇంకో గుమాస్తా అదే కాగితాన్ని మళ్ళీ నొక్కేవాడు, రెండూ సరిపోవాలి. ఆ పని అయ్యింది ఆరు వారాల్లో. అంటే ఆ ఆరు వారాల లెక్కలో కార్డూ లేదు, చిల్లూ లేదు.

చిక్కడపల్లి_చారి
ఆగండాగండి. చిల్లుల కార్డుల గొప్పతనానికి ఉదాహరణగా చెప్పే లెక్కలో చిల్లుల కార్డులే లేవా?

లెక్కలపిచ్చి
లేవు. ఆ ఏడాది చివరికల్లా 6 కోట్ల 26 లక్షలని ప్రకటించారు. కార్డుల పని ఆ తర్వాత. మనిషికో కార్డు, ఆడా మగా, వయసు, పెళ్ళి, పుట్టిన దేశం, వృత్తి, అన్నిటికీ చిల్లులు. అది ఏళ్ళ తరబడి సాగింది. అయినా 1880 లెక్కకు పట్టినంత కాలం పట్టలేదు, పట్టికలూ చాలా ఎక్కువ వచ్చాయి.

గుంటూరు_ఘాటు
చిల్లిగవ్వకు విలువ లేదంటారు గానీ, చిల్లు కార్డుకు మాత్రం నూట ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఫార్వర్డ్‌లు వస్తున్నాయి.

వాదం_వద్దు
హోలరిత్‌ది కాపీ సరుకు. ఫ్రాన్సులో జాకార్డ్ 1804 ప్రాంతంలోనే మగ్గానికి చిల్లుల అట్టలు పెట్టాడు. ఎనభై ఏళ్ళ తర్వాత ఈయన అదే ఎత్తుకొచ్చి పేటెంటు చేసుకున్నాడు. మనవాళ్ళకు అమెరికావాడు చేస్తే చాలు, ఆహా ఓహో.

ధర్మవరం_దారం
మా ఇంట్లో ఇప్పటికీ మగ్గం మీద జాకార్డు ఉంది, పైన అట్టల దండ తిరుగుతూ ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను మాట్లాడొచ్చు.

మా అట్టల్ని వరసగా దారంతో కుట్టేస్తాం. మొదటి అట్ట తర్వాత రెండోది, దాని తర్వాత మూడోది. వరస తప్పితే బుటా పోతుంది, చీర పోతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, ఆ పోగు లేస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందనే ఉంటుంది. అట్ట మగ్గానికి ఏం చేయాలో చెప్తుంది, అంతే. అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు.

జనాభా కార్డు విడిగా ఉంటుంది కదా. దాన్ని తీసి ఇంకో కుప్పలో వేయొచ్చు, మళ్ళీ కలపొచ్చు, పేకముక్కల్లాగా. మా అట్టల్ని అలా కలిపితే మా నాన్న నన్ను కలిపేస్తాడు. చిల్లు ఒకటే గానీ వాడకం వేరు.

వాదం_వద్దు
చిల్లు ఆలోచన ముందు ఎవరిది అన్నదే నా పాయింటు.

ధర్మవరం_దారం
చిల్లు ఆలోచన గారెది.

లెక్కలపిచ్చి
హోలరిత్‌కు ఆలోచన వచ్చింది మగ్గం చూసి కాదు, రైలు టికెట్టు చూసి అని ఆయనే చెప్పుకున్నాడు. అప్పట్లో కొన్ని రైళ్ళలో కండక్టరు ప్రయాణికుడి టికెట్టు అంచున చిల్లులు కొట్టేవాడు. జుట్టు ఎలాంటిది, కళ్ళు ఏ రంగు, ముక్కు పెద్దదా, ఇలా. ఒకరి టికెట్టు ఇంకొకరు వాడకుండా.

గుంటూరు_ఘాటు
మా ఊరి ప్యాసింజర్ బండిలో పెట్టి ఉంటే అందరికీ ఒకే చిల్లు. "నల్లజుట్టు, నల్లకళ్ళు, టికెట్టు లేదు."

చిక్కడపల్లి_చారి
నా అసలు సందేహం అలాగే ఉంది. ఫారం చూసి కాగితం మీద గీత పెట్టడం తేలికా, కార్డుకు ఇరవై చిల్లులు కొట్టడం తేలికా? చిల్లులు కొట్టే టైములో చేత్తోనే లెక్కేసుకోవచ్చుగా?

లెక్కలపిచ్చి
ఈ ప్రశ్న జనాభా లెక్కల ఆఫీసువాళ్ళకూ వచ్చింది, అందుకే పోటీ పెట్టారు. సెయింట్ లూయిస్ ఊళ్ళో నాలుగు వార్డులవి 1880 నాటి ఫారాలు, 10,491 మంది. పోటీదార్లు ముగ్గురు. హంట్ అనే ఆయనది రంగు సిరాలతో కార్డులు రాసే పద్ధతి. పిడ్జిన్ అనే ఆయనది రంగు చీటీలు. మూడోది హోలరిత్ చిల్లులు.

సమాచారం ఎక్కించడానికి హోలరిత్‌కు 72 గంటల 27 నిమిషాలు. పిడ్జిన్‌కు 110 గంటల 56 నిమిషాలు, హంట్‌కు 144 గంటల 25 నిమిషాలు. ఇక్కడ తేడా ఉంది గానీ మరీ బ్రహ్మాండమేం కాదు. ఎక్కించిన దాన్ని లెక్కేయడంలో చూడండి: హోలరిత్ 5 గంటల 28 నిమిషాలు, పిడ్జిన్ 44 గంటల 41 నిమిషాలు, హంట్ 55 గంటల 22 నిమిషాలు.

మీరడిగిన దానికి జవాబు అక్కడే ఉంది. ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునే పనైతే చేత్తో గీతలే మేలు. కానీ మొదట వయసు వారీగా, తర్వాత వృత్తి వారీగా, ఆ తర్వాత "నలభై దాటిన, విదేశంలో పుట్టిన, భార్య పోయిన రైతులు ఎంతమంది" అని అడిగారనుకోండి. చేత్తో అయితే ప్రతిసారీ ఫారాలన్నీ మొదటి నుంచి తిరగేయాలి. చిల్లు ఒక్కసారి కొడితే చాలు, అదే కార్డు ఎన్నిసార్లయినా నడుస్తుంది. తీరా చూస్తే ఖర్చు తగ్గలేదు. 1890 లెక్కకు 1880 కన్నా దాదాపు రెట్టింపు అయ్యింది. ప్రశ్నలు అడగడం సులువైతే ఎవరైనా ఎక్కువే అడుగుతారు.

బే_ఏరియా_బాబాయ్
ఇది చదువుతుంటే మా ఆఫీసే గుర్తొస్తోంది. డేటాబేస్ పెట్టకముందు నెలకో రిపోర్టు అడిగేవాళ్ళు. పెట్టాక గంటకొకటి.

ఓరుగల్లు_పోరి
జెర ఆగుండ్రి. కార్డుల చిల్లు ఉన్నదని మిషన్‌కు ఎట్ల తెలుస్తది? కన్నులున్నయా దానికి? గది ఎవ్వలూ చెప్తలేరు.

లెక్కలపిచ్చి
కళ్ళు లేవు, సూదులున్నాయి. గుమాస్తా కార్డును ఒక పలక మీద పెట్టి, పైనున్న చట్రాన్ని పిడి పట్టుకుని కిందికి లాగేవాడు. చట్రం నిండా స్ప్రింగుల మీద నిలబడ్డ సూదులు. పలకలో ప్రతి సూదికీ కింద ఒక చిన్న గుంట, అందులో కొంచెం పాదరసం. చిల్లు లేనిచోట సూది కార్డుకు తగిలి ఆగిపోతుంది. చిల్లు ఉంటే దూరి వెళ్ళి పాదరసంలో మునుగుతుంది, కరెంటు పారుతుంది, ఎదురుగా గోడగడియారం ముఖంలాంటి డయలు మీద ముల్లు ఒక్క గడి జరుగుతుంది. అలాంటి డయళ్ళు 40. ఒక్కోటి 9,999 దాకా లెక్కపెట్టగలదు.

మధ్యలో రిలేలు, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులు పెట్టి రెండు మూడు చిల్లులు కలిసి ఉంటేనే ఫలానా డయలు కదిలేలా కట్టుకోవచ్చు. "ఆడ, పెళ్ళయింది, ఇక్కడే పుట్టింది" మూడూ ఉంటే ఒక ముల్లు.

పక్కనే అరల పెట్టె ఉంటుంది, అరలకు మూతలు. కార్డు చదవగానే దానికి చెందిన అర మూత టక్కున తెరుచుకుంటుంది. గుమాస్తా కార్డు అందులో వేసి మూత మూయాలి. అంటే వేరుచేసేది ఇంకా మనిషి చెయ్యే, ఏ అరో చెప్పేది మిషను. కార్డు సరిగ్గా చదివితే గంట మోగుతుంది. మోగకపోతే చిల్లు తప్పు పడినట్టో, కార్డు వంకరగా పెట్టినట్టో, తీసి పక్కన పెట్టాలి.

ఓరుగల్లు_పోరి
గిప్పుడు సమజ్ అయింది. గుళ్ళె గంట లెక్క, మోగితెనే మొక్కు చేరినట్టు.

గుంటూరు_ఘాటు
పాదరసం గుంటల ముందు రోజంతా కూర్చునేవాళ్ళా? ఇప్పుడైతే థర్మామీటరు పగిలితేనే వీధంతా ఖాళీ.

న్యూజెర్సీ_నాని
దాని మీద ఒక కథ చెప్పుకుంటారు. పని బోరు కొట్టినప్పుడు కొందరు కంటి చుక్కల గొట్టం తెచ్చి గుంటల్లో పాదరసం పీల్చేసి ఉమ్మితొట్టిలో వదిలేవాళ్ళట. మిషను ఆగిపోతుంది, మెకానిక్ వచ్చేదాకా ఆటవిడుపు. నిజమో కాదో గానీ, గవర్నమెంటు ఆఫీసు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో సంగతి. ఇక్కడ తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవాళ్ళంతా 1890 దగ్గర గోడకు గుద్దుకుంటారు. ఆ ఏటి అసలు ఫారాలు 1921లో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. మిగిలినవాటిని తర్వాత పారేశారు. అంత హంగు చేసి లెక్కేసిన ఏడాదికి అంకెలు మిగిలాయి, మనుషుల పేర్లు పోయాయి.

మిషన్_రూము_మనిషి
నాలుగు రోజులుగా చదువుతున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నేను 1968లో హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో మిషన్ సెక్షన్‌లో చేరాను. పాదరసం కాలం కాదు. మా కార్డు 80 కాలమ్‌ల ఐబీఎం కార్డు, నిలువు పలక చిల్లులు, ఈ నమూనా 1928 నాటిది. అంతకుముందు గుండ్రటి చిల్లులు, 45 కాలమ్‌లు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. హోలరిత్ 1896లో పెట్టిన కంపెనీ 1911లో ఇంకొన్ని కంపెనీలతో కలిసింది. 1914లో దాన్ని నడపడానికి థామస్ వాట్సన్ వచ్చాడు. 1924లో దాని పేరు ఐబీఎం అయ్యింది. మిషన్లు అద్దెకే ఇచ్చేవాళ్ళు, కార్డులు వాళ్ళ దగ్గరే కొనాలి. ఆ షరతు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1936లో తీర్పిచ్చింది. ఇప్పుడు ప్రింటరు చవగ్గా ఇచ్చి సిరా మీద పిండుతారు చూడండి, అది పాత విద్యే.

ఇక సార్టర్, అంటే కార్డుల్ని వేరుచేసి వరసలో పెట్టే మిషను. కార్డుల కట్టను అచ్చు ఉన్న వైపు కిందికి పెట్టి, 9 అంకె ఉన్న అంచు ముందు పోయేలా వేయాలి. ఒక్కసారికి ఒక్క కాలమే చదువుతుంది. చిన్న పిడి తిప్పి ఇత్తడి బ్రష్షును ఆ కాలమ్ మీదికి జరపాలి. చిల్లు రాగానే బ్రష్షు కింది రోలరుకు తగిలి కార్డు ఏ జేబులోకి పోవాలో తేలుతుంది. పన్నెండు జేబులు, ఏమీ లేని కార్డుకు పదమూడోది. నిమిషానికి 650 కార్డులు. ఆ చప్పుడు ఎలా ఉంటుందంటే, రేకుల షెడ్డు మీద వడగళ్ళవాన.

కొత్తగా వచ్చినవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. మూడంకెల నంబరు వరసలో పెట్టమంటే వందల కాలమ్‌తో మొదలుపెడతారు. అప్పుడు పది కుప్పలు, ప్రతి కుప్పకూ మళ్ళీ పది, టేబుళ్ళు చాలవు. మా సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు, ఒకట్ల స్థానంతో మొదలుపెట్టు అని. ఒకట్లు వేరుచేసి, జేబులు వరసగా ఒకదానిమీద ఒకటి ఎత్తి, మళ్ళీ పదులు, మళ్ళీ వందలు. మూడు సార్లు నడిపితే మొత్తం వరసలోకి వచ్చేస్తుంది. ఎందుకొస్తుందో అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఇంట్లో పేకముక్కలతో చేసి చూసుకున్నాను. మా ఆవిడ జూదం మొదలుపెట్టాననుకుంది.

చిక్కడపల్లి_చారి
సార్, ఇన్ని రోజులు ఎక్కడున్నారు మీరు!

బే_ఏరియా_బాబాయ్
దీన్నే ఇప్పుడు రాడిక్స్ సార్ట్ అని ఇంటర్వ్యూల్లో అడుగుతారు. నేను బోర్డు మీద తప్పు రాశాను. సూపర్‌వైజరు గారు మాకు దొరకలేదు.

ధర్మవరం_దారం
వరస సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసేవారు సార్? వేల కార్డులు ఒక్కొక్కటి తీసి చూస్తారా?

మిషన్_రూము_మనిషి
లేదమ్మా. ఒక జేబులో పడిన కార్డులన్నిటికీ ఆ కాలమ్‌లో ఒకేచోట చిల్లు ఉండాలి కదా. కట్టను దులిపి, అంచులు సరిచేసి, ట్యూబ్‌లైటు వైపు ఎత్తి పట్టుకుంటే ఆ చిల్లులోంచి వెలుతురు సూటిగా కనబడాలి. కనబడకపోతే మధ్యలో ఒకటి తప్పు పడింది. లేదా సన్నటి సూది దూరుస్తాం, ఆగినచోట ఉంది దొంగ.

వానాకాలం పెద్ద బాధ. కార్డు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, మిషను నోట్లో ఇరుక్కుంటుంది, నిమిషానికి 650 వేగంతో వెనకవి వచ్చి దాన్ని అప్పడం చేస్తాయి. అందుకే మిషను గదికి ఏసీ. మాకోసమని ఎవరూ అనుకోవద్దు.

పంచింగ్ అమ్మాయిలు కొట్టిన ప్రతి కార్డునూ ఇంకొకరు వెరిఫైయర్ మీద మళ్ళీ కొట్టాలి. సరిపోతే కుడి అంచుకు చిన్న గాటు, తప్పయితే ఆ కాలమ్ పైన గాటు. పక్కపక్క సీట్లలో కూర్చున్న స్నేహితురాళ్ళు గాటు విషయంలో నెలల తరబడి మాట్లాడుకోకపోవడం నేను చూశాను.

గుంటూరు_ఘాటు
చిల్లులోంచి రాలిన ముక్కలు ఏం చేసేవారు సార్? పెళ్ళిళ్ళకు చల్లేవాళ్ళని విన్నాను.

మిషన్_రూము_మనిషి
ఒకసారి చల్లారు, మా క్లర్కు పెళ్ళిలో. అవి దొడ్డు కాగితం, మూలలు పదును. పెళ్ళికొడుకు కంట్లో పడి తాళి కట్టడం పావుగంట ఆలస్యం. తర్వాత సర్క్యులర్ వచ్చింది.

వాదం_వద్దు
అందరూ ముచ్చట్లు చెప్తున్నారు. జర్మనీ సంగతి ఒక్కరూ ఎత్తరు. 1933లో నాజీలు వచ్చిన ఏడాదే జనాభా లెక్కలు జరిగాయి, వాటికి కార్డుల పని చేసింది ఐబీఎం వాళ్ళ జర్మన్ కంపెనీ డెహోమాగ్. అందులో మతానికీ కాలమ్ ఉంది. "నలభై దాటిన రైతులెంతమంది" అని అడగగలిగిన మిషను ఇంకేమైనా అడగగలదు.

లెక్కలపిచ్చి
ఈసారి మీతో వాదన లేదు.

న్యూజెర్సీ_నాని
మనదేశం వైపు ఒక మాట. కలకత్తాలో సంఖ్యాశాస్త్రవేత్త మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ మిషన్లు ఉండేవి. దేశమంతా కొన్ని ఇళ్ళను ఎంచుకుని వివరాలు అడిగే నేషనల్ శాంపుల్ సర్వే 1950లో మొదలైంది, దానికి అలాంటి లెక్క చాలా అవసరం. మన సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి 1941లో అక్కడికే వెళ్ళారు.

చిక్కడపల్లి_చారి
అప్‌డేట్. ఆరు వారాల లెక్కలో కార్డులే లేవని గ్రూపులో పెట్టాను. పెదనాన్న రెండు గంటలు ఏమీ అనలేదు. తర్వాత "నేను చెప్పిందీ అదే" అన్నాడు. దానికి 14 మంది చుట్టాలు చప్పట్లు కొట్టారు.

గుంటూరు_ఘాటు
అరిసెలు సేఫ్.

ఓరుగల్లు_పోరి
మిషన్ రూము సార్, మీరు ఉన్నప్పుడే అడుగుత. మా నాయిన గిట్లాంటి ఆఫీసులనే పన్జేసిండు. పోయి ఆరేండ్లయింది. ఆయన డైరీల ఒక కార్డు దొరికింది. సున్న నుంచి తొమ్మిది దాక అంకెలు వరసగ అచ్చేసి ఉన్నయి. ఎడమ దిక్కు పైమూల కత్తిరించి ఉన్నది. చిల్లులు మొదటి నాలుగు నిలువు వరుసలల్లనే ఉన్నయి, మిగిలిందంత ఖాళీ. మొదటి దాంట్ల 0, 3. రెండో దాంట్ల 5, ఇంక పైన అంకెలు లేని జాగల ఒకటి. మూడో దాంట్ల 0, 2. నాలుగో దాంట్ల మళ్ల 0, 3. ఏం రాసిండో చెప్పగలరా?

మిషన్_రూము_మనిషి
చెప్తానమ్మా. అంకె అయితే ఒక్క చిల్లు, అక్షరమైతే రెండు. పైన అంకెలు లేని జాగాలో రెండు వరసలుంటాయి. మీ చిల్లు పై అంచుకు ఆనుకుని ఉందా, దాని కింద వరసలో ఉందా? పైదైతే ఒక అక్షరం, కిందిదైతే ఇంకోటి.

ఓరుగల్లు_పోరి
అంచుకే ఆనుకొని ఉన్నది సార్.

మిషన్_రూము_మనిషి
0, 3 అంటే టి. పై వరసా 5 అంటే ఇ. 0, 2 అంటే ఎస్. మళ్ళీ 0, 3 టి. టెస్ట్. పంచింగ్ మిషను సరిగ్గా పనిచేస్తోందా అని పొద్దున్నే ఒకటి కొట్టి చూసేవాళ్ళం. ఇంకేం లేదమ్మా, ఏమనుకోకండి.

కార్డు వెనక్కి తిప్పి చూశారా?

ఓరుగల్లు_పోరి
చూసిన సార్. పెన్సిల్‌తో రాసి ఉన్నది. చింతపండు అరకిలో, సబ్బులు 4, బాపుకు దగ్గు మందు, పోరికి పలక.

మిషన్_రూము_మనిషి
డేటా కార్డు బయటికి తెస్తే మెమో. టెస్ట్ కార్డు ఎవరూ అడగరు. మా ఇంట్లో సరుకుల చీటీలన్నీ అవే.